మాస్టారి ఎడమ సీటు

శనివారం ఉదయం పదింబావుకి ఒక కిరాయి కారు నాలుగు రోడ్ల కూడలిలోని సర్కిల్ మీదికి ఎక్కి, పూలమడిలో ఆగింది. కారులో నలుగురు ఉన్నారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రెండు వరసల పూలమొక్కలు చక్రాల కింద పడ్డాయి. కారు నడుపుతున్న వ్యక్తి డ్రైవింగ్ స్కూల్ యజమాని.

సొంత ఊళ్ళో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఇరవై రెండేళ్లుగా కారు నేర్పుతున్నారు. ముందు సీట్లో పక్కన కూర్చున్నది ఆయన భార్య. ఆమె ఒక ఆస్పత్రిలో మందుల కౌంటర్ చూస్తుంది. వెనక ఆమె తమ్ముడు, తమ్ముడి భార్య అయిన మరదలు ఉన్నారు. తమ్ముడు ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్. గుద్దుకున్న బళ్లను చూసి, తప్పు ఎవరిదో, నష్టం ఎంతో రాయడం అతని పని. ఇంట్లో కూడా అతన్ని సర్వేయర్ అనే పిలుస్తారు.

కారు ఆగాక మొదట మాట్లాడింది అతనే.

"ఎవరూ దిగొద్దు. ముందు ఫొటోలు తీసుకోవాలి."

"తీసుకోరా. మేం కూడా పడేట్టు చూసుకో," అంది అక్క.

నలుగురూ పరాయి దేశంలో దిగి అప్పటికి ఒక రాత్రి గడిచింది. ఐదు రోజుల ప్రయాణం. టూర్ బస్సు వద్దన్నది మాస్టారే. "బస్సంటే వాడు ఆపిన చోట దిగాలి, వాడు ఎక్కమన్నప్పుడు ఎక్కాలి. ఊరందరికీ స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాణ్ణి, ఇంకొకడు నడుపుతుంటే చేతులు కట్టుకుని కూర్చుంటానా? కారు అద్దెకు తీసుకుందాం. నేనే నడుపుతాను," అన్నారు.

ఆ దేశంలో బళ్లు రోడ్డుకు కుడివైపు వెళతాయి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. బావమరిది ఆ సంగతి ఎత్తినప్పుడు మాస్టారు నవ్వారు. స్కూల్ కారులో నేర్చుకునేవాళ్ళు కుడివైపు స్టీరింగ్ దగ్గర కూర్చుంటారు. నేర్పేవాడు ఎడమ సీట్లో కూర్చుంటాడు. అతని కాళ్ళ దగ్గర అదనంగా ఒక క్లచ్, ఒక బ్రేక్ బిగించి ఉంటాయి.

"ఎడమ సీటంటే మీకు తిరకాసు, నాకు కాదు. నేను ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చున్నాను. ఆ దేశంలో స్టీరింగే నా దగ్గరికి వస్తుంది," అన్నారు మాస్టారు.

లెక్క బాగానే ఉందని అప్పుడు అందరికీ అనిపించింది. అందులో తప్పు ఎక్కడుందో శనివారం దాకా ఎవరికీ తెలియలేదు.

మాస్టారి భార్యకు లైసెన్స్ వచ్చి పదకొండేళ్లయింది. నేర్పింది ఆయనే. పరీక్షలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారుతో ఎయిట్ వేయమంటే మొదటిసారే వేసింది. మైదానంలో వేసిన ఆ ఎయిట్ తప్ప, ఆమె ఒంటరిగా కారు నడిపింది లేదు. ఆదివారాలు స్కూల్ కారు తీసేది. ఎడమ సీట్లో ఆయన ఉండేవారు. ఇంట్లో భార్యను "నువ్వు" అనే మనిషి, కారు ఎక్కగానే "మీరు" అనేవారు. "మేడమ్, మిర్రర్ చూశారా? మేడమ్, హాఫ్ క్లచ్." ఆయన కాలు అదనపు బ్రేక్ మీదే ఉండేది. సైకిల్ అడ్డం వచ్చినా, కుక్క అడ్డం వచ్చినా కారు ఆగేది. ఆపింది తనో ఆయనో ఆమెకు తెలిసేది కాదు. అడిగితే "ఆగింది కదా" అనేవారు.

ఆస్పత్రికి కారులో ఒక్కదాన్నే వెళతానని ఆమె ఏడాదికి ఒకటి రెండుసార్లు అడిగేది.

"ఇంకా రెడీ కాలేదు," అనేవారు మాస్టారు.

"ఊళ్ళో వాళ్ళని నెలలో రెడీ చేస్తారు. నాకు పదకొండేళ్లు చాల్లేదా?"

"ఊళ్ళో వాళ్ళు ఫీజు కట్టి వెళ్ళిపోతారు. నువ్వు సాయంత్రం ఇంటికి రావాలి కదా."

ఈ జవాబు విని ఆమె కొన్నిసార్లు నవ్వేది. కొన్నిసార్లు ఆ పూట మాట్లాడేది కాదు.

శనివారం ఉదయం కార్ల కంపెనీ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి, ఈ వారం రెండో డ్రైవర్ పేరు ఉచితంగా రాస్తున్నామని చెప్పింది. అక్కర్లేదని మాస్టారు అనబోయేలోగా ఆయన భార్య హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇదెప్పుడు తీసుకున్నావు?" అన్నారు మాస్టారు.

"మీది తీసినప్పుడే. ఆఫీసుకి వెళ్ళింది నేనే కదా. క్యూలో నిలబడ్డదాన్ని, నాది కూడా ఇచ్చాను."

"సరే, ఉచితమే కదా, రాయనీ. అవసరం మాత్రం పడదు."

సర్వేయర్‌కి టూ వీలర్ లైసెన్స్ మాత్రమే ఉంది. కారు ఎందుకు నేర్చుకోలేదని కౌంటర్‌లో అమ్మాయి అడగలేదు గానీ అతనే చెప్పాడు. కారు నడిపితే చివరికి ఏమవుతుందో తను రోజూ చూస్తుంటాడట. ఆ తర్వాత యార్డులోకి వెళ్ళి, తమకిచ్చిన కారు చుట్టూ తిరిగి, పడుకుని బంపర్ కింద చూసి, పాత గీతలన్నీ ఫొటో తీశాడు. తాళం ఇవ్వడానికి వచ్చిన ఉద్యోగి, ఈయన ఏమైనా పారేసుకున్నారా అని మరదలిని అడిగాడు.

"లేదు. ఆయనకి ఇదే సరదా," అంది మరదలు.

యార్డు నుంచి సర్కిల్ దాకా ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లలో మాస్టారు మలుపు తిరగాలనుకున్న ప్రతిసారీ వైపర్లు తిరిగాయి. ఎండ కాస్తోంది. ఇండికేటర్ మీట ఎడమ చేతి వైపు ఉందని భార్య చెప్పింది. తెలుసని ఆయన అన్నారు. తర్వాతి మలుపులో వైపర్లు మళ్ళీ తిరిగాయి. కారు ఆటోమేటిక్. క్లచ్ లేదు. దారి చెప్పే ఫోన్ మరదలి చేతిలో ఉంది. ఫోన్‌లో గొంతు ఏది చెప్పినా మాస్టారు "ఆఁ, తెలుసమ్మా" అని జవాబిస్తుండడంతో ఆమె దాని నోరు మూసి, తనే చెప్పడం మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, ముందు సర్కిల్ వస్తుంది. కుడివైపు నుంచి చుట్టు తిరగాలి."

ఇంతవరకు నలుగురూ చెప్పేది ఒకటే. తర్వాత జరిగింది ముగ్గురు ఒక రకంగా చెబుతున్నారు. మాస్టారు తనకు గుర్తులేదంటున్నారు.

ముగ్గురి కథనం ప్రకారం సర్కిల్ దగ్గర పడుతున్నా కారు వేగం తగ్గలేదు. మాస్టారు కుడివైపు తల తిప్పి భార్యను చూశారు.

"మేడమ్, స్పీడ్ తగ్గించండి," అన్నారు.

ఆమె చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. తననే అంటున్నారని ఆమెకు వెంటనే తట్టలేదు.

"సర్కిల్ వస్తోంది మేడమ్. కాలు బ్రేక్ మీదికి తెచ్చుకోండి." ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచితే నేర్చుకునేవాళ్ళు బెదిరిపోతారని ఆయన ఎప్పుడూ పెంచరు.

"ఏమండీ, స్టీరింగ్ మీ దగ్గరే ఉంది," అంది భార్య.

నేర్చుకునేవాళ్ళు చెప్పినా వినకపోతే మాస్టారు చేసే పని ఒకటుంది. రెండు కాళ్ళూ ఒక్కసారి వేస్తారు. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేక్ మీద. సర్కిల్ ముందు ఆయన అదే చేశారు. ఎడమ కాలికి నేల తగిలింది. కుడి కాలి కింద ఉన్నది ఆక్సిలరేటర్. కారు సర్కిల్ గట్టు ఎక్కింది. భార్య బిస్కెట్ ప్యాకెట్ వదిలేసి, రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేక్‌ను రెండు చేతులతో లాగింది.

పూలమడికి అవతలి వైపు ఒక తోటమాలి మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. అతను పైపు పక్కన పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవర్ సీటు అద్దం మీద వేలితో తట్టాడు. మాస్టారు అద్దం దించబోతే వైపర్లు తిరిగాయి.

కాసేపటికి ఒక పోలీసు వచ్చాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు. కాయితాలు చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏం పని చేస్తారని మాస్టారిని అడిగాడు.

"టీచర్," అంది భార్య, ఆయన నోరు విప్పకముందే.

"ఏం టీచరని అడక్కుండా ఉంటే బతికిపోయాం," అన్నాడు సర్వేయర్ తెలుగులో.

పోలీసు అడిగాడు. అబద్ధం ఆడటం మాస్టారికి అలవాటు లేదు. చెప్పారు. పోలీసు మళ్ళీ అడిగాడు. మాస్టారు మళ్ళీ చెప్పారు. పోలీసు తోటమాలి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఒక మాట అన్నాడు. తోటమాలి వెళ్ళి పైపు తీసుకుని, అటు తిరిగి చాలాసేపు నీళ్ళు పెట్టాడు. అతని భుజాలు కదలడం మరదలు చూసింది.

నలుగురూ, పోలీసూ, తోటమాలీ కలిసి కారును వెనక్కి తోశారు. పడిన మొక్కలు మళ్ళీ నాటితే బతుకుతాయని తోటమాలి సైగలతో చెప్పాడు. కారుకి నంబర్ ప్లేట్ వంగింది తప్ప ఏమీ కాలేదు. పోలీసు జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయాడు.

కారును రోడ్డు పక్కన ఆపారు. పక్కనే ఒక బెంచీ ఉంది. మాస్టారు దాని మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. భార్య ఎదురుగా నిలబడింది.

"కారు ఎవరు ఆపారు?" అంది.

"మట్టి మెత్తగా ఉంది. దాంట్లో దిగబడి ఆగింది."

"నేను హ్యాండ్‌బ్రేక్ లాగాను."

"లాగావు. లాగకపోయినా ఆగేది."

ఆమె తమ్ముణ్ణి పిలిచింది. సర్వేయర్ వెళ్ళి పూలమడి అంచున మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల గుర్తులు చూశాడు. ఫొటోలో మరోసారి చూశాడు. వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"మట్టి సగం అక్కా, బ్రేక్ సగం."

"ఈయన నివేదికలన్నీ ఇంతే వదినా. సగం సగం రాస్తే ఇద్దరూ కాఫీ ఇస్తారని," అంది మరదలు.

అక్క నవ్వలేదు. మాస్టారి ముందు చెయ్యి చాచింది.

"తాళం ఇవ్వండి. నేను నడుపుతాను."

"ఇది ఆటోమేటిక్."

"తెలుసు."

"కుడివైపు నడపాలి. ముందంతా కొండ దారి. గది తీసుకున్న ఊరు కొండకి అవతల, సముద్రం ఒడ్డున ఉంది."

"అది కూడా తెలుసు. మ్యాప్ చూసింది నేనే."

"నువ్వింకా రెడీ కాలేదు."

"ఎప్పుడవుతానో చెప్పండి. ఇవాళ చెప్పాలి. ఇంటికెళ్ళాక చెప్తానంటే కుదరదు."

మాస్టారు సీసా మూత బిగించారు. "నేను బ్రేక్ వేయాల్సిన పని పడనప్పుడు," అన్నారు.

"పని పడినా పడకపోయినా మీరు వేస్తూనే ఉంటారు కదండీ. ఇక నాకెట్లా తెలుస్తుంది? నేను ఆపగలనో లేదో పదకొండేళ్ల నుంచి నాకు తెలీదు. మీకూ తెలీదు. తెలిసినట్టు మాట్లాడతారు, అంతే."

మాస్టారు సర్కిల్ వైపు తిరిగారు. సర్కిల్ చుట్టూ బళ్లు తిరుగుతున్నాయి. ఒక ముసలావిడ కారులో ఒక్కతే వచ్చి, చుట్టు తిరిగి, ఎడమ వైపు రోడ్డులోకి వెళ్ళిపోయింది. మాస్టారు ఆ కారును కనపడినంత దూరం చూశారు. తర్వాత తాళం ఇచ్చారు.

ఆయన ముందు, కుడి సీట్లో కూర్చున్నారు. భార్య సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, ఇండికేటర్ వేసింది. ఇండికేటరే వెలిగింది. కారు కదిలింది. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్ర లైట్ పడింది. ఆమె కాలు బ్రేక్ మీదికి పోయేలోగా మాస్టారి కాలు కింద పరిచిన మ్యాట్ మీద పడింది. చప్పుడుకి ఎదురుగా ఉన్న డాష్‌బోర్డ్ అర మూత తెరుచుకుంది. రెండో సిగ్నల్ దగ్గరా అంతే. మూడో సిగ్నల్ దాటాక ఆమె కారు పక్కకు తీసి ఆపింది.

"మీరు వెనక్కి వెళ్ళండి."

"ఏం చేశాను? నేను నోరెత్తలేదే."

"మీ కాలు చప్పుడుకి నా కాలు దానంతటదే బ్రేక్ మీద పడిపోతోంది. మళ్ళీ మీరే ఆపుతున్నట్టుంది నాకు."

మాస్టారు దిగి వెనక సర్వేయర్ పక్కన కూర్చున్నారు. మరదలు ఫోన్ పట్టుకుని ముందుకు వచ్చింది. ఊరు దాటేలోగా సర్వేయర్ రెండుసార్లు కెవ్వుమన్నాడు.

"బావా, అది నా కాలు. దాంట్లో బ్రేక్ లేదు."

"చూసుకోలేదయ్యా."

"ఇంకోసారి తొక్కితే నాకే క్లెయిమ్ రాయాల్సి వస్తుంది. చెప్పులు విప్పి కాళ్ళు పైన పెట్టుకో."

"కారు సీట్లో కాళ్ళు పైన పెట్టుకుంటే పద్ధతిగా ఉంటుందా?"

"నా పాదం మీద పెట్టుకోవడం కన్నా పద్ధతే."

మాస్టారు బెల్టు సర్దుకుని, చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "భోజనాలకి కూర్చున్నట్టుంది. విస్తరి వేయమంటారా అన్నయ్యగారూ?" అని మరదలు ముందు నుంచి అడిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

కొండ దారి మొదలైంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. రెండు కార్లు ఒకదాని పక్కన ఒకటి పట్టేంత రోడ్డు. ఆమె రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, మలుపు మలుపుకీ వేగం తగ్గిస్తూ నడిపింది. వెనక ఒక కారు హారన్ కొట్టింది. వెడల్పుగా ఉన్న చోట ఆమె పక్కకి జరిగి దానికి దారి ఇచ్చింది. "దూసుకుపోనీ, మనకేం తొందర," అంది. మాస్టారు ఏదో అనబోయి మానుకోవడం సర్వేయర్ చూశాడు.

కొండ దిగేటప్పుడు రోడ్డు గోడ చుట్టూ తిరిగే చోట, అవతలి వైపు నుంచి కలప వేసుకున్న లారీ వచ్చింది. మలుపు దగ్గర అది రోడ్డు మధ్యలో ఉంది. మరదలు ఫోన్ జారవిడిచింది. మాస్టారి నోట "మేడ..." అన్నంతవరకు వచ్చింది. కారు ఆగింది. లారీ కూడా ఆగింది. రెండింటి మధ్య ఇంకో కారు పట్టేంత జాగా ఉంది. ఆ దూరాన్ని సర్వేయర్ కూర్చున్న చోటినుంచే ఫొటో తీశాడు.

లారీ డ్రైవర్ చెయ్యి ఊపి, బండి తన పక్కకి లాక్కున్నాడు. కారు పక్కనుంచి నెమ్మదిగా పోయింది. కలప వాసన లోపలికి వచ్చింది. అది వెళ్ళిపోయాక కూడా ఆమె కారు కదపలేదు.

"ఎవరు వేశారు బ్రేక్?" అంది. వెనక్కి తిరగలేదు. అద్దంలో చూస్తోంది.

"ఇందులో సగం..." అని సర్వేయర్ మొదలుపెట్టాడు.

"మీరు ఊరుకోండి," అంది అతని భార్య.

మాస్టారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. రెండు పాదాలూ సీటు మీదే, తొడల కింద మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. చెప్పులు కింద ఉన్నాయి.

"నువ్వే వేశావు," అన్నారు.

"లేటుగా వేశానా?"

"లేదు."

"మరీ ముందే వేశానా?"

"లేదు. ఎప్పుడు వేయాలో అప్పుడే వేశావు."

"నేనైతే ఇంకొంచెం ముందు వేసేవాణ్ణి అని అనరా?"

"నేనైతే ఇందాక పూలమడి ఎక్కాను," అన్నారు మాస్టారు.

మరదలు వంగి ఫోన్ వెతికి తీసింది. అక్క కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కారు పక్క అద్దాలు రెండూ చూసింది. వెనక ఎవరూ రావడం లేదు. కారు కదిలింది.

"సముద్రం ఇంకెంత దూరం?" అని మాస్టారు అడిగారు.

"ఇంకో ముప్పావుగంట అన్నయ్యగారూ," అంది మరదలు.

తర్వాత రెండు ఊళ్ళు దాటారు. రెండో ఊళ్ళో ఒక సర్కిల్ వచ్చింది. ఆమె ఆగింది, ఎడమవైపు చూసింది, చుట్టు తిరిగి బయటపడింది. సర్కిల్ దాటాక బాగా తిరిగావని అక్కతో అని, సర్వేయర్ బావ వైపు చూశాడు. మాస్టారు తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. సముద్రం ఒడ్డున గది ముందు కారు ఆగాక, భార్య దిగి వెనక తలుపు తీసి లేపేదాకా ఆయన లేవలేదు.